క్లాసుకు తాలా, కోర్టుకు దర్వాజా

మా ఆపా కొడుకు 2020లో అమెరికాలో ఎమ్మెస్ చదువుతుండేవాడు. ఆగస్టు నుంచి క్లాసు మొహం చూడలేదు. ప్రొఫెసర్ జూమ్‌లో, వీడు కమ్రాలో. ఓ రోజు ఫోన్ చేసి, "మామూ, క్లాసుకు తాలా వేసిన్రు, బాస్కెట్‌బాల్‌కు మాత్రం దర్వాజా తెరిచిన్రు" అని నవ్విండు. నాకు నవ్వు రాలేదు. క్లాసులన్నీ ఆన్‌లైన్ అయితే విదేశీ విద్యార్థులు దేశం విడిచిపోవాలని 2020 జూలై 6న ట్రంప్ సర్కార్ హుకుం తెచ్చింది. హార్వర్డ్, ఎంఐటీ అదాలత్‌కెక్కాక 14న వాపస్ తీసుకుంది. ఆ వారమంతా మా ఆపాకు నిద్ర లేదు. మన తెలుగు ఇళ్లలో ఎందరు తల్లులకు లేదో!

అదే క్యాంపస్‌లలో ఆ చలికాలం బంతి ఎగిరింది. ఆటంటే నాకు దుష్మనీ లేదు. 2020 మార్చి 12న ఎన్‌సీఏఏ తన టోర్నమెంటును రద్దు చేసినప్పుడు పిల్లల మీద నాకూ రహమ్ కలిగింది. 1939లో మొదలైన ఆ టోర్నీ ఆగిపోవడం అదే మొదటిసారి. ఆ దెబ్బకు కాలేజీలకు పంచాల్సిన 60 కోట్ల డాలర్లు 22.5 కోట్లకు పడిపోయాయి. టీవీ వాళ్లు 2010లో 14 ఏళ్లకు రాసిచ్చిన కాంట్రాక్టు 1,080 కోట్ల డాలర్లది. ఇంకో మార్చి కూడా ఖాళీగా పోతే తమ గతేంటని అప్పుడు పెద్దల ఫికర్. అందుకే నవంబర్ 25న సీజన్ మొదలైంది.

మొదలైందే గానీ నడిచిందా? డిసెంబర్ 5న ఇండియానాపొలిస్‌లో ఒకటి, రెండు ర్యాంకుల గొంజాగా, బేలర్ తలపడాల్సింది. గొంజాగా బృందంలో ఒక ఆటగాడికి, ఇంకొకరికి పాజిటివ్ వచ్చింది. గంటన్నర ముందు మ్యాచ్ రద్దు. అప్పటి డ్యూక్ కోచ్ షషెఫ్‌స్కీ, ఇలా ఆడటం సరైనదేనా, మళ్లీ సోచాయించండి అన్నాడు. ఓడిపోయాడు కాబట్టి అంటున్నాడని అలబామా కోచ్ ఎత్తిపొడిచి, తర్వాత మాఫీ అడిగాడు. ఓడినవాడు అడిగితే మాత్రం సవాల్ తప్పవుతుందా? అప్పుడు రోజుకు మూడు వేల దాకా జనాజాలు లేచిన ముల్క్‌లో ఎవరో ఒకరు అడగాలి కదా.

పిల్లలే ఆడతామన్నారన్నది అవతలివాళ్ల దలీల్. నిజమే, అన్నారు. ఇరవై ఏళ్ల ఆటగాడికి ఒక సీజన్ పోతే ఎన్‌బీఏ ఖ్వాబ్ చెదిరిపోతుందని భయం. ఆ తడపు నేను కాదనను. కానీ ఎన్‌బీఏ వాళ్లు ఆ ఎండాకాలం ఓర్లాండో బబుల్‌లోకి పోయేముందు వాళ్ల యూనియన్ కూర్చుని షరతులు మాట్లాడుకుంది, వద్దనుకున్నవాళ్లు ఇంట్లో ఉన్నారు. కాలేజీ పిల్లగాడికి అప్పుడు యూనియన్ లేదు, తన్ఖా లేదు. స్కాలర్‌షిప్ ఉంది, అది కోచ్ మర్జీ దాటి ఎంత దూరం పోతుందో వాడికి తెలుసు. అలాంటివాడి "హా" ను రజామందీ అనడానికి నా జమీర్ ఒప్పుకోదు.

ఆపడమొక్కటే రాస్తా అని కూడా నేననను. ఐవీ లీగ్ 2020 నవంబర్ 12నే చలికాలం ఆటలన్నీ ఆపేసింది, వాళ్లకు ఆ తాహతు ఉంది. చిన్న కాలేజీకి ఉండదు. అయితే అప్పటి ఐయోనా కోచ్ రిక్ పిటినో ఒక మాట అన్నాడు: ఆరంభాన్ని వెనక్కి జరపండి, టోర్నీని మే నెలలో పెట్టుకోండి అని. ఇందులో నుక్సాన్ ఏముంది? ఆ ఏడాది ఆడినా ఆడకపోయినా ఆటగాళ్ల అర్హతలో లెక్కించబోమని ఎన్‌సీఏఏ అక్టోబర్‌లోనే ఒప్పుకుంది. 2020 డిసెంబర్‌లోనే అక్కడ టీకా మొదలైంది. నాలుగు నెలలు సబర్ చేసి ఉంటే ఆట ఎక్కడికీ పోయేది కాదు. టీవీ వాళ్ల ఏప్రిల్ తారీఖు పోయేది, అంతే.

ఓ రాత్రి భాంజాను అడిగాను, మీ కాలేజీ మ్యాచ్ చూస్తావా అని. "ఉందో లేదో సాయంత్రం టెస్ట్ రిజల్ట్ వస్తే తెలుస్తది మామూ" అన్నాడు. రాలేదేమో, మళ్లీ ఫోన్ చేయలేదు.