"ఎక్కడో చూశాను" అంటే కుదరదు: ఫోన్లో హిస్టరీని తుడిచేయకండి, కలుపు తీయండి



మన వాట్సాప్ గ్రూపుల్లో రోజూ కనపడే మాట ఒకటుంది. "యూట్యూబ్‌లో ఎక్కడో చూశానండీ, ఈ కషాయం కొట్టమన్నారు." ఎవరు చెప్పారు, ఏ పంటకి చెప్పారు, ఎకరానికి ఎంత అని అడిగితే జవాబుండదు. నా ఉద్దేశంలో ప్రకృతి వ్యవసాయానికి పురుగుమందుల షాపుల కంటే ఈ "ఎక్కడో చూశాను" అనే మాటే ఎక్కువ చెడ్డపేరు తెస్తోంది.

ఎందుకంటారా? నీమాస్త్రం సంగతే తీసుకోండి. అది తయారయ్యేదే 100 లీటర్ల నీళ్లలో, వడగట్టి నేరుగా కొట్టేయొచ్చు. అగ్నిఅస్త్రం అలా కాదు. పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు వేసి గోమూత్రంలో ఉడికించిన ఘాటు సరుకది. మామూలుగా చెప్పే కొలత 100 లీటర్ల నీళ్లకి రెండు మూడు లీటర్లే. రెండు వీడియోలూ ఒకే రాత్రి చూసి, పది రోజుల తర్వాత దీని కొలత దానికి వాడితే ఆకు మాడిపోతుంది. పక్క చేను రైతు గట్టు మీద నిలబడి చూసి "ఇదేనా మీ ప్రకృతి వ్యవసాయం" అనేసి వెళ్లిపోతాడు. ఆయన మళ్లీ మన మాట వినడు.

మీరు మర్చిపోయినా ఫోను మర్చిపోదు. యూట్యూబ్‌లో కింద కుడివైపు మీ గుర్తు నొక్కితే హిస్టరీ వస్తుంది. "వ్యూ ఆల్" నొక్కితే తేదీల వారీగా అన్నీ కనపడతాయి, అందులోనే వెతుక్కునే వీలూ ఉంది. ఒక కిటుకు చెప్తాను. తెలుగులో "తామర పురుగు" అని కొడితే రాకపోతే ఇంగ్లీషు అక్షరాల్లో "త్రిప్స్" అని కొట్టి చూడండి. టైటిల్లో ఏ మాట ఉంటే దాంతోనే వెతకాలి.

ఫేస్‌బుక్‌లో అయితే సెట్టింగ్స్‌లో "యాక్టివిటీ లాగ్" తెరిస్తే చూసిన వీడియోల పట్టీ ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్‌కి ఈ సౌకర్యం 2025లోనే వచ్చింది, "యువర్ యాక్టివిటీ"లో "వాచ్ హిస్టరీ" అని వెతకండి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయి వచ్చిన వీడియోకి మాత్రం ఇలాంటి పట్టీ ఏదీ లేదు. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో తెలియదు. అందుకే వాటిని నమ్మి నేను ఒక్క ట్యాంకు కూడా కలపను.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ హిస్టరీ కలకాలం ఉండదు. 2020 తర్వాత తెరిచిన కొత్త ఖాతాల్లో 36 నెలలు దాటినవి వాటంతటవే చెరిగిపోయేలా గూగుల్ పెట్టింది. 2021-22లో మిరపకి నల్ల తామర పురుగు వచ్చినప్పుడు రెండు రాష్ట్రాల్లో రైతులు రాత్రిళ్లు కూర్చుని చూసిన వీడియోలు అలాంటి ఫోన్లలో ఈపాటికి పోయే ఉంటాయి. హిస్టరీలో "మేనేజ్ ఆల్ హిస్టరీ"కి వెళ్తే "ఆటో డిలీట్" దగ్గర 3, 18, 36 నెలల గడువులు కనపడతాయి. అసలు చెరపొద్దు అని పెట్టుకునే వీలు కూడా అక్కడే ఉంది. రైతుకి అదే మంచిది, మూడేళ్లకోసారి తిరిగొచ్చే పురుగులు ఉన్నాయి మనకి.

"హిస్టరీ ఆపేయండి, మీ వివరాలు కంపెనీలకి పోతాయి" అని చెప్పేవాళ్లున్నారు. భయం అర్థం లేనిదేం కాదు. కానీ హిస్టరీ ఆపేసి, పాతది కూడా చెరిపేస్తే 2023 నుంచి యూట్యూబ్ మొదటి పేజీ ఖాళీగా వస్తోంది. చేలో కలుపు పెరిగిందని ఎవరూ చేనంతా తగలబెట్టరు కదా.

కలుపు మాత్రం తీయాల్సిందే. పిల్లల కార్టూన్లు, సీరియల్ ముక్కలు ఒక ఎత్తు. అసలు బెడద "ఒక్క చుక్క వేస్తే దిగుబడి రెట్టింపు" లాంటివి. అలాంటిదొకటి ఆసక్తిగా చివరిదాకా చూశారంటే మర్నాటి నుంచి దాని చుట్టాలన్నీ వరసకడతాయి. నవధాన్యాల సాగు గురించి పాఠం చెప్పే నిదానమైన వీడియో ఎక్కడో అడుక్కి పోతుంది. ఆ వీడియో పక్కన మూడు చుక్కలు నొక్కి హిస్టరీ నుంచి తీసేయండి. మళ్లీ వస్తే "డోంట్ రెకమెండ్ ఛానెల్" నొక్కండి. ఊరికే చూడాలనిపిస్తే ఇన్‌కాగ్నిటోలో చూడండి, లెక్కలోకి రాదు.

వీడియోలు పెట్టేవాడిగా నా సాటివాళ్లకీ ఒక మాట. "రైతులు షాక్" అని టైటిల్ పెడితే ఇవాళ నాలుగు వ్యూస్ ఎక్కువ రావచ్చు, ఆర్నెల్ల తర్వాత రైతు హిస్టరీలో వెతికితే మాత్రం దొరకదు. పంట పేరు, పురుగు పేరు, కషాయం పేరు టైటిల్లో పెట్టండి. కొలత వీడియో కింద రాయండి. అది కూడా చేయలేనప్పుడు మనం ఎవరి కోసం తీస్తున్నట్టు?

ఇక ఖాతా సంగతి. ఊళ్లో సగం ఫోన్లలో జీమెయిల్ పెట్టింది సెల్ షాపు కుర్రాడో, హైదరాబాద్‌లో ఉన్న కొడుకో. పాస్‌వర్డ్ రైతుకి తెలియదు. హిస్టరీ ఉండేది ఫోనులో కాదు, ఆ ఖాతాలో. ఫోను పాడై కొత్తది కొని ఇంకో ఖాతా తెరిస్తే చూసినవన్నీ అక్కడే ఉండిపోతాయి. మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ ఇవాళే ఇంట్లో ఒక పుస్తకంలో రాసి పెట్టించుకోండి.

అయినా హిస్టరీ ఒక దారి చూపించే గుర్తే. వీడియో పెట్టినవాళ్లు తీసేస్తే మన దగ్గర దాని జాడ కూడా మిగలదు. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ని నిషేధించినప్పుడు అందులో రైతులు పెట్టుకున్నవన్నీ ఒక్కసారిగా చేజారాయి. అందుకే పనికొచ్చిన వీడియోని పంట పేరుతో ప్లేలిస్టులో దాచుకోండి, కొలతని పుస్తకంలోకి ఎక్కించండి. పీజీఎస్ గ్రూపుల్లో ఉన్నవాళ్లు ఏ చేలో ఏం వాడారో ఎలాగూ రాసి చూపించాలి. ఆ డైరీలో తేదీ, పంట, కషాయం, కొలత గడుల పక్కన "ఎవరి వీడియో, ఏ రోజు చూశాను" అని ఇంకో గడి గీసుకుంటే చాలు. స్కేలు, పెన్ను, ఐదు నిమిషాల పని.