వాడ నుంచి ఫ్లాట్ దాకా – 6: పూజగది ఎటువైపు మేడమ్?



ఈ వారం ఇంటి రిపేర్ల గురించి రాస్తానంటే మా క్లాసులో ఒక విద్యార్థి నవ్వాడు. "టైల్సూ మాడ్యులర్ కిచెన్లూ కూడా ఉద్యమమేనా మేడమ్?" అన్నాడు. ఇది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. అందుకే ఈ భాగం కొంచెం పెద్దది. ఓపిగ్గా చదవండి.

మనవాళ్లలో మొదటి తరం ఉద్యోగులు నగరంలో కొనుక్కుంటున్నది ఎక్కువగా పాత ఫ్లాట్లే. కొత్తవాటికి మన జీతాలు సరిపోవు. ఇరవై ఏళ్ల కిందట ఎవరి అలవాట్లకు తగ్గట్టో గీసిన ఇంటిని లోన్ పెట్టి తీసుకుంటాం. తాళాలు చేతికొచ్చాక బాత్రూమ్ లీకేజీ బయటపడుతుంది. జీఐ పైపులు తుప్పు పట్టి ఉంటాయి. ఏసీ వేస్తే వైర్లు వేడెక్కుతాయి. అప్పుడు మేస్త్రీని పిలుస్తాం. మన తాతలకు ఊళ్లో ఇంటి స్థలం ఎక్కడో చెప్పే హక్కు లేదు. మన అమ్మానాన్నలకు కాలనీ ఇంటి కొలత ప్రభుత్వం ఇచ్చింది, హాస్టల్ గది కొలత మనకు వార్డెన్ ఇచ్చాడు. ఒక గోడ ఉండాలా వద్దా అన్నది మనం తేల్చే మొదటి సందర్భం చాలామందికి ఈ పాత ఫ్లాట్ రిపేరే. అందుకే ఇది చిన్న విషయం కాదు.

నేను సాహిత్యం చెప్పుకునే మనిషిని. ఏది చదివినా ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు అని అడగడం నా పని. ఫ్లాట్ ప్లాన్‌ని కూడా అలాగే చదువుదాం.

ఈశాన్యాన పూజగది. ఆగ్నేయాన వంటిల్లు. వంటింటి వెనక యుటిలిటీ, అంట్లు తోమే మనిషి అక్కడే నిలబడి తోమి అటునుంచే వెళ్లిపోయే వీలు. కొంచెం పెద్ద ఫ్లాటయితే ఒక చిన్న గది, కిటికీ లేని టాయిలెట్, దాని పేరు 'సర్వెంట్స్ రూమ్'. సెల్లార్‌లో మెట్ల కింద వాచ్‌మన్ కుటుంబం. పెద్ద గేటెడ్ కమ్యూనిటీ అయితే పనివాళ్లకూ సామానుకూ కలిపి ఒక సర్వీస్ లిఫ్టు. ఎవరు ఎక్కడిదాకా రావచ్చు, ఏ గదిలోకి రాకూడదు అన్నది ఈ గీతల్లోనే ఉంది. ఊళ్లో దీనికి కట్టుబాటు అని పేరు, ఇక్కడ ప్లానింగ్ అంటున్నారు.

ఇంటీరియర్ పని చేసేవాళ్లను పిలిచి చూడండి. బడ్జెట్ తర్వాత వచ్చే ప్రశ్న "పూజగది ఎటువైపు మేడమ్?" వద్దన్నామనుకోండి, ఆ వెంటనే "మీరు క్రిస్టియన్సా?" కాదన్నామనుకోండి, ఇక ఇంటిపేరు, సొంతూరు, "అక్కడ ఎటువైపు?" అనే దాకా వెళ్తుంది. రంగుల కేటలాగు పక్కన పెట్టి మన కులం లాగడానికి పట్టే సమయం ఐదు నిమిషాలు. ఆ మనిషి చెడ్డవాడని కాదు. ఇల్లంటే అలాగే ఉంటుందని అతనికి ఎవరో నేర్పారు, అంతే.

ఆ నేర్పింది వాస్తు. 'వాస్తు అంటే సైన్సే మేడమ్, గాలీ వెలుతురూ' అంటారు. సరే, పుస్తకమే తెరుద్దాం. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో ఇంటి కొలతల అధ్యాయం ఉంది. బ్రాహ్మణుడి ఇంటి వెడల్పు 32 మూరలతో మొదలుపెట్టి, వర్ణం కిందికి దిగే కొద్దీ నాలుగేసి మూరలు తగ్గించుకుంటూ పోతాడు. నేల రంగును కూడా వర్ణాలకు పంచాడు. తెల్లమట్టి ఒకరికి, నల్లమట్టి ఇంకొకరికి. మనుధర్మశాస్త్రం పదో అధ్యాయానికి వెళ్తే చండాలుడు ఊరి బయటే ఉండాలి. గాలికీ వెలుతురుకీ వర్ణం ఉంటుందా? వర్ణాన్ని బట్టి మూరలు తగ్గించే లెక్క సైన్స్ ఎలా అవుతుంది? మన పూర్వీకులను ఊరి బయట కూర్చోబెట్టిన ఆలోచన నుంచి పుట్టిన కొలతల ప్రకారం మనం ఈరోజు లోన్ డబ్బుతో గోడలు జరుపుకుంటున్నాం.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి. అపార్ట్‌మెంట్‌లో వాస్తు కోసం టాయిలెట్ జరపడమంటే మాటలు కాదు. కింది ఇంటి సీలింగ్ మీద ఉన్న సంకన్ స్లాబ్‌ను వదిలేసి, డ్రైనేజీ పైపును కొత్త దారిన తిప్పాలి. వాలు సరిపోకపోతే ఎప్పుడూ జామ్ అవుతుంది. వాటర్‌ప్రూఫింగ్ సరిగ్గా కుదరకపోతే కింది ఇంటివాళ్ల సీలింగ్ తడుస్తుంది, గొడవ మీ తలుపు తడుతుంది. నాలుగున్నర అంగుళాల పార్టిషన్ గోడ అయితే మామూలుగా తీయొచ్చు. కాలమ్ జోలికీ, బీమ్ జోలికీ ఎవరు చెప్పినా వెళ్లకూడదు. అవి మీ ఒక్కరివి కావు, పై అంతస్తులన్నీ మోసేవి. ఏది తీయొచ్చో స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని అడగండి, సిద్ధాంతిని కాదు. వాస్తుకు పెట్టే ఆ లక్ష రూపాయలతో పాత వైరింగ్ మొత్తం మార్చి, సరైన ఎర్తింగ్ వేసి, ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే పిల్లల ప్రాణాలు నిలుస్తాయి.

మరి ఆ ఈశాన్యం గదిని ఏం చేద్దాం? మనకో ఉదాహరణ ఉంది. 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లిన అంబేడ్కర్‌కు ఊళ్లో ఎక్కడా గది దొరకలేదు. పార్సీల సత్రంలో దిగితే, సంగతి తెలిసి కర్రలు పట్టుకొచ్చి ఖాళీ చేయించారు. విదేశాల్లో చదివొచ్చిన మనిషి పార్కులో కూర్చోవాల్సి వచ్చింది. అదే మనిషి 1930ల మొదట్లో బొంబాయి దాదర్‌లో 'రాజగృహ' కట్టించుకున్నాడు. ఆ ఇంట్లో అన్నింటికన్నా ముందు చోటు పుస్తకాలకు దక్కింది. గది దొరకని మనిషి తన చేతికి ప్లాన్ వచ్చినప్పుడు ఏం గీశాడో చూడండి. మనకు అంత ఇల్లు లేకపోవచ్చు. ఆరడుగుల పూజగదిలో నాలుగు అరలూ ఒక బల్లా ఒక లైటూ పెట్టలేమా? వాడ నుంచి పోటీ పరీక్షలకొచ్చిన పిల్లలకు నగరంలో కూర్చుని చదువుకునే చోటు ఎంత కరువో మీకు నేను చెప్పాలా?

ఇక వంటిల్లు. మనవాళ్లు చిమ్నీ కొనేటప్పుడు వాడే ఒక మాట నన్ను బాధపెడుతుంది: "వాసన బయటికి పోకుండా ఉండాలి". పొగకు చిమ్నీ కావాలి, తప్పకుండా పెట్టుకోండి. ఎండుచేపల కూర వండుకుంటే పక్క ఫ్లాట్‌కు తెలిసిపోతుందేమో అన్న భయానికి మాత్రం ఏ కంపెనీ చిమ్నీ సరిపోదు. ఆ భయం ఊరికే పుట్టలేదు. సుఖదేవ్ థోరాట్ బృందం ఢిల్లీ, దాని చుట్టుపక్కల నగరాల్లో అద్దె ఇళ్ల మీద చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. పేరు వినగానే ఇల్లు లేదనడం దళితులకు మామూలనీ, ముస్లింలకు ఇంకా ఎక్కువనీ అది చూపించింది. జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో సభ్యత్వం పార్సీలకే అన్న నిబంధన చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టే చెప్పింది. సొసైటీ బైలా అనే చిన్న పుస్తకానికి ఎంత బలముందో దీన్నిబట్టి అర్థం చేసుకోండి. 'వెజిటేరియన్స్ ఓన్లీ' అన్న రెండు మాటల్లో ఎంతమందిని గేటు బయట ఆపొచ్చో కూడా.

ఇప్పటిదాకా మనకు జరిగేది మాట్లాడాం. ఇకనుంచి మన ఇంట్లో, మన డబ్బుతో జరిగేది మాట్లాడదాం. ఇది కొంచెం కష్టమైన భాగం.

రిపేర్ మొదలైన రోజు మన ఫ్లాట్‌లోకి వచ్చేదెవరు? లేబర్ అడ్డా మీద నుంచి వచ్చిన పాలమూరు, శ్రీకాకుళం కూలీలు. బీహార్, ఒడిశాల నుంచి వచ్చిన టైల్స్ పనివాళ్లు. చిప్పింగ్ చేసిన డెబ్రిస్‌ను గోనెసంచుల్లో నింపి మోసే ఆడవాళ్లు. వాళ్లలో మనవాళ్లే ఎక్కువ. నేనుండే అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ నోటీసు బోర్డు మీద ఒక లైన్ ఉండేది: పనివాళ్లు లిఫ్టు వాడరాదు. నాలుగో అంతస్తు నుంచి సంచి నెత్తిన పెట్టుకుని మెట్లు దిగాలన్నమాట. నేను అడిగితే "లిఫ్టు పాడవుతుంది మేడమ్" అన్నారు. లోపల ప్లైవుడ్ షీటు కొట్టించి బరువు పరిమితి రాసి పెట్టండి, ఖర్చు నేనిస్తానన్నాను. లిఫ్టు పాడవడమే సమస్య అయితే అక్కడితో తీరిపోవాలి. తీరలేదు. "రెసిడెంట్లకు ఇబ్బంది" అన్నారు. అప్పుడు అసలు మాట బయటికొచ్చింది. మూడు మీటింగులు పట్టింది ఆ లైన్ తీయించడానికి. అందులో నాతో నిలబడింది ఇద్దరే, వాళ్లలో ఒకరు మన కులస్తులు కారు. మనవాళ్లు ఇద్దరున్నారు, "మనకెందుకు మేడమ్, కొత్తగా వచ్చాం" అన్నారు. వాళ్ల భయం నాకు తెలుసు. ఆ భయానికి మూల్యం చెల్లించేది మాత్రం మెట్లు దిగే ఆడమనిషి.

టాయిలెట్ సంగతి. నెల రోజులు మన ఇంట్లో పనిచేసే మనిషి ఎక్కడికి వెళ్లాలి? రెండు బాత్రూములూ ఒకేసారి పగలగొట్టించకండి. ఒకటి పూర్తయ్యాక రెండోది మొదలుపెట్టించండి. ఆ ఒక్క నిర్ణయంతో అక్కడ పనిచేసే ఆడవాళ్లు పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉండే బాధ తప్పుతుంది.

దుమ్ము సంగతి. టైలు, గ్రానైటు, క్వార్ట్జ్ కోసేటప్పుడు లేచే తెల్లటి పొడిలో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్. నయం కాదు. ఇప్పుడు ఫ్యాషన్ అయిన క్వార్ట్జ్ వంటగట్టు రాళ్లలో సిలికా 90 శాతం పైన కూడా ఉంటుంది. వాటిని కోసే యువ కార్మికులు జబ్బు పడుతుంటే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ రాయినే నిషేధించింది. మన దగ్గర కుర్రాడు మొహానికి తువ్వాలు చుట్టుకుని బాల్కనీలో కోస్తున్నాడు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ మెరుపు చూసి ముచ్చటపడే మనకు, ఆ క్వారీల దుమ్ము మింగిన మా ప్రకాశం జిల్లా కూలీలు గుర్తుకు రావాలి. నీళ్లు పోస్తూ కోయమనండి. ఎన్95 మాస్కులు మీరే కొనివ్వండి. తాండూరు బండో, బేతంచర్ల బండో చాలనుకుంటే ఆ ఆలోచన కూడా చేయండి, కోత మాత్రం ఏ రాయికైనా తడిగానే.

చట్టం చూసుకుంటుందిలే అనుకోకండి. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. సొంత ఇంటి పనికి 10 లక్షలు దాటని ఖర్చు పెట్టే వ్యక్తిని అందులోనే మినహాయించారు. అంటే మన ఫ్లాట్ రిపేర్లలో చాలావాటి దగ్గరకు ఆ చట్టం రానేలేదు. అక్కడ ఉన్నది మనమూ, మన అంబేడ్కర్ ఫొటో. అయితే ఒక పని చేయగలం. సంక్షేమ బోర్డులో పేరు నమోదుకు ఏడాదిలో 90 రోజులు పనిచేసిన రుజువు కావాలి. మన దగ్గర చేసిన రోజులకు కాగితం మీద సంతకం పెట్టివ్వండి. ఆడకూలీకీ మగకూలీకీ ఒకే కూలి ఇవ్వమని మేస్త్రీతో ముందే మాట్లాడుకోండి. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది, అడ్డా మీద అది ఇంకా పుట్టలేదు.

చివరిగా, కంటికి కనిపించని గది ఒకటుంది. సెప్టిక్ ట్యాంకు, పెద్ద అపార్ట్‌మెంట్లలో ఎస్టీపీ. ఫ్లాట్ కొన్న రోజున అందులో కూడా వాటా కొన్నాం. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని అందులోకి దింపితే 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చనిపోయిన వాళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. బెజవాడ విల్సన్ లాంటివాళ్లు దశాబ్దాలు తిరిగితే వచ్చిన చట్టమిది. అయినా అసోసియేషన్ సెక్రటరీ ఫోన్ చేసి "ఇద్దరిని పంపండి" అంటాడు. వచ్చే ఇద్దరూ ఏ వాడ నుంచి వస్తారో అందరికీ తెలుసు. మెయింటెనెన్స్ కట్టే ప్రతి ఓనరూ ఆ ఫోన్ కాల్‌లో భాగస్తుడే. మిషన్‌తోనే చేయించాలని మీటింగులో రాయించి, మినిట్స్‌లో ఉందో లేదో చూసుకోవాల్సింది మనమే.

ఇక్కడ ఒక మిత్రుడి అభ్యంతరం చెప్పాలి. "తరతరాలు పాకల్లో ఉన్నాం. ఇటాలియన్ మార్బుల్ వేసుకుంటే తప్పేంటి? మా ఆనందం మీద కూడా సిద్ధాంతం రుద్దుతారా?" నేను ఆయనతో సగం ఏకీభవిస్తాను. అందం మీద మనకు హక్కుంది. పేదరికం మన సంస్కృతి కాదు, మన మీద మోపిన శిక్ష. మంచి గచ్చు మీద నడవడం, వేడినీళ్లతో స్నానం చేయడం, పిల్లకు సొంత గది ఉండడం ఆత్మగౌరవంలో భాగమే. కాదనేది ఎవరు? నా పేచీ మార్బుల్‌తో కాదు. వాళ్ల ఇంటిని అచ్చు దించి, అందులో మనం దొర స్థానంలో కూర్చోవడంతో. సర్వెంట్ టాయిలెట్‌ను కొత్త టైల్స్‌తో అలాగే ఉంచితే మనం మార్చింది టైల్స్ ఒక్కటే.

విద్యార్థులకు ఒక మాట. మాకు ఫ్లాట్లు లేవు కదా అనుకోవద్దు. హాస్టల్ నుంచి వెలివేయబడ్డ ఐదుగురు పరిశోధక విద్యార్థులు 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆరుబయట వేసుకున్న గుడారానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. వాళ్లలో ఒకడు రోహిత్ వేముల. గది అంటే ఏమిటో, గది లాక్కోవడం అంటే ఏమిటో మన తరానికి ఆ పేరుతో చెప్పారు. రేపు మీలో చాలామందికి ఉద్యోగాలొస్తాయి, తాళాలు చేతికొస్తాయి. మేస్త్రీ వచ్చి ఏ గోడ తీయాలని అడిగినప్పుడు జవాబు ముందే ఆలోచించి పెట్టుకోండి.

వచ్చే భాగంలో అసోసియేషన్ బైలాల గురించి రాస్తాను. మీ అపార్ట్‌మెంట్ బైలా కాపీ అడిగి తీసుకుని ఒకసారి చదివి రండి.

జై భీమ్.