పేగువాపును పట్టిచ్చే సూక్ష్మ బుడగలు

నెలల తరబడి కడుపునొప్పి, మలంలో రక్తం, తరిగిపోయే బరువు. వీటిని ‘వేడి చేసింది’ అని మజ్జిగతో సరిపెట్టే ఇళ్లు మనలో తక్కువేమీ కాదు. పెళ్లి కావలసిన పిల్ల అని జబ్బును దాచడం మరీ అన్యాయం. అది క్రోన్స్ వ్యాధి కావచ్చు. తరచు యౌవనంలోనే మొదలయ్యే ఈ వ్యాధికి ఏళ్లపాటు పరీక్షలు తప్పవు. ప్రతిసారీ సీటీ స్కాన్ అంటే రేడియేషన్ పెరుగుతుంది.

కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్‌లో ఆ బెడద లేదు. పేగు గోడ 3 మిల్లీమీటర్లు మించి దళసరిగా ఉంటే మామూలు అల్ట్రాసౌండే చూపుతుంది. అది రగులుతున్న వాపా, మానిన పుండు మిగిల్చిన మచ్చా అన్నదే చిక్కు. ఎర్ర రక్తకణమంతటి వాయుబుడగలను సిరలోకి ఎక్కిస్తే, వాపు ఉన్నచోట రక్తం అధికం గనుక గోడ తెరపై మెరుస్తుంది. వాపుకు మందులున్నాయి, మచ్చ వల్ల పేగు ఇరుకైతే శస్త్రచికిత్స అవసరం కావచ్చు. రెండూ కలిసే ఉండటమూ కద్దు. బుడగలలోని వాయువు ఊపిరితో వెలుపలికి పోతుంది. మూత్రపిండాలపై భారం పడదు.

అయితే క్రోన్స్‌ను పేగుల క్షయ నుండి ఈ పరీక్ష వేరుచేసి తేల్చలేదు. క్షయను క్రోన్స్‌గా భ్రమించి స్టెరాయిడ్లు వాడితే క్షయ విజృంభిస్తుంది. కనుక కొలనోస్కోపీ, బయాప్సీ వద్దనకండి.

నొప్పి తగ్గిందని మందులు మాని రమజాన్ ఉపవాసాలకు పూనుకునేవారున్నారు. నొప్పి పోయినా వాపు మిగిలి ఉండవచ్చు. అల్ బఖరా సూరాలో రోగికి లభించిన వెసులుబాటు అల్లాహ్ ప్రసాదించినదే; దానిని స్వీకరించడం విశ్వాసలోపం కాదు. షాబాన్ నెలలోనే వైద్యుణ్ణి కలిసి, మందుల వేళలు సహరీ, ఇఫ్తార్‌లకు సర్దుబాటు అవుతాయో లేదో అడిగి తెలుసుకోండి.