వంకరకు వక్రమే మూలమా?

వక్రం ప్రకృతి, వంకర వికృతి అని పాఠ్యగ్రంథాల పట్టికలు చెబుతాయి. ధ్వనిసామ్యం తప్ప ఆ నిర్ణయానికి మరో ఆధారం చూపవు. సామ్యమే ప్రమాణమైతే జర్మన్ భాషలో కోణానికి పేరైన ‘వింకెల్’ తెలుగు ‘వంగు’ నుంచి పుట్టిందనీ అనవచ్చు. రెండింటిలోనూ దోషం ఒక్కటే.

లాటిన్ ‘అంగులుస్’ (కోణం), గ్రీకు ‘అంకులోస్’ (వంగినది), సంస్కృత ‘అంకుశ’ శబ్దాలను ఒకే మూలానికి చేర్చినది పైపై పోలిక కాదు, నియతమైన ధ్వనిసంవాదం. 1816లో ఎల్లిస్ తెలుగు ధాతువులను తమిళ, కన్నడ ధాతువుల సరసన నిలిపి తెలుగు సంస్కృతజన్యం కాదని నిరూపించినదీ ఇటువంటి క్రమబద్ధమైన తులనతోనే.

ఆ దృష్టితో చూస్తే వంగు–వంచు–వంపు రూపాలు మునుగు–ముంచు–ముంపు, పెరుగు–పెంచు–పెంపు రూపాల బాటలోనే నడుస్తాయి. తమిళ ‘వణంగు’, కన్నడ ‘బాగు’ వాటికి సోదరరూపాలు. ఈ కుటుంబం నిఘంటువులకే పరిమితం కాదు. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం కనుమల్లో తిరిగే చోటును తెలుగువాడు వంపు అంటాడు గాని వక్రం అనడు.

ప్రాకృతంలో ‘వంక’ రూపం ఉన్నమాట నిజమే. వంకర అక్కడినుంచి వచ్చి ఉండవచ్చుననేది విచారించదగిన పక్షమే; కాని అది సిద్ధాంతం కాదు. దేశ్యధాతువు కళ్లెదుట ఉండగా దానిని పరిశీలించకుండానే తీర్పు చెప్పడం శాస్త్రం అనిపించుకోదు. తన మాట పరభాషాపదానికి చెడిన రూపమని విద్యార్థికి నేర్పేముందు రుజువు చూపాలి. అది చూపేవరకు ఆ జంటకు పట్టికలో చోటు ఉండరాదు.