సదరం వరసలో లేనివాళ్ల కోసం

కేంద్ర సామాజిక న్యాయం, సాధికారత శాఖ మంత్రి గారికి,

నా చేతుల మీదా మెడ మీదా బొల్లి మచ్చలున్నాయి. బొల్లి అంటుకోదు, ఏ పనికీ అడ్డం రాదు. పదేళ్ల కిందట ఒక ప్రైవేటు స్కూల్లో డెమో క్లాసు చెప్పాక, కరస్పాండెంటు గారు నా వేళ్లకేసే చూస్తూ "పాఠం బాగానే చెప్పావు గానీ, తల్లిదండ్రులు కుష్టేమో అనుకుంటారమ్మా" అన్నారు. ఆయన మర్యాదస్తుడే. కుష్టని తను అనలేదు, వాళ్లు అనుకుంటారన్నారు. ఉద్యోగం మాత్రం రాలేదు.

ఇప్పుడు ఇంట్లోనే ట్యూషన్లు చెబుతున్నాను. పిల్లలు మొదటిరోజే "అవేంటి టీచర్" అంటారు. చెబుతాను. లెక్కల పుస్తకం తీస్తారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాలున్నాయి. కుష్టు నయమైనవాళ్లు అందులో ఉన్నారు, ఉండాల్సిందే. బొల్లి లేదు. చేర్చమనీ అడగను. లేని వైకల్యానికి, వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం క్యాంపులో నిలబడితే డాక్టరు నవ్విపోతాడు. నా పేచీ వేరే. రెండో సెక్షన్ వివక్షంటే 'వైకల్యం ఆధారంగా' చూపే తేడా అంటుంది. మూడో సెక్షన్‌కొచ్చేసరికి ఆ వివక్ష నుంచి రక్షణ వైకల్యం ఉన్న వ్యక్తికే అంటుంది. కుష్టు నయమైన మనిషిని కాదంటే ఈ చట్టం పేరెత్తి నిలదీయొచ్చు. కుష్టని పొరబడి కాదంటే ఏ పేరెత్తాలి?

ఇలా మధ్యలో పడింది నేనొక్కదాన్నే కాదు. రంగులు సరిగా పోల్చుకోలేడని తమిళనాడు విద్యుత్ సంస్థ ఒక ఇంజినీరుకు ఉద్యోగం నిరాకరించింది. చట్టం లెక్కలో అతను వికలాంగుడు కాడు, సంస్థ లెక్కలో పనికిరాడు. చివరికి 2023లో సుప్రీంకోర్టు ఉద్యోగం ఇవ్వమంది. అంతదూరం వెళ్లే ఓపిక, డబ్బు ఎందరికుంటాయి?

చట్టంలోని ఈ లోటు పూడ్చడానికి కొత్త విద్యేమీ అక్కర్లేదు. అమెరికా 1990లోనే, వైకల్యం ఉందని ఎదుటివాళ్లు భావించిన మనిషిని కూడా తన చట్టంలో చేర్చింది. అమెరికా ఎందుకంటారా, మన పార్లమెంటే 2017లో హెచ్‌ఐవీ చట్టం చేసినప్పుడు, ఆ వైరస్ ఉన్నవాళ్లతో ఒకే ఇంట్లో ఉండేవాళ్లకీ, ఒకప్పుడు అలా కలిసి ఉన్నవాళ్లకీ రక్షణ ఇచ్చింది. వాళ్లకు జబ్బు లేకపోయినా లోకం వెలివేస్తుందని అప్పుడు గుర్తించారు కదా.

మూడో సెక్షన్‌లో 'వైకల్యం ఉందని భావించబడిన వ్యక్తి' అన్న మాట చేర్చండి. ఆ ఒక్క సెక్షన్ వరకే. రిజర్వేషన్లు 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లవి, పింఛన్లు వాటి అర్హులవి. వాటి జోలికి మేం రాం.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు