లారీ ఎక్కే కుర్రాడికి ఎవరు నేర్పుతున్నారు?

బెంగళూరు నుంచి సేలం వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ధర్మపురి దాటాక తొప్పూరు ఘాట్ వస్తుంది. లోడు లారీలు అక్కడ దిగుతూ అదుపు తప్పి ముందు బళ్లను గుద్దడం ఏళ్ల తరబడి జరుగుతున్నదే. 2024 జనవరిలో అక్కడే వరసగా బళ్లు గుద్దుకుని, మంటలు లేచి నలుగురు చనిపోయారు. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ మర్నాడు మనం వినేది ఒకటే మాట: డ్రైవరు అజాగ్రత్త.

ఆ మాటతో ఆగిపోవడం మాకు న్యాయంగా తోచదు. బరువు లారీ దిగుడులో చిన్న గేరులో దిగాలి. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో వదిలేస్తే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అవి వేడెక్కి, కాసేపటికి ఎంత తొక్కినా పట్టవు. ఇది పెద్ద రహస్యమేమీ కాదు, శిక్షణ ఇచ్చే ఏ బడిలోనైనా మొదట చెప్పే సంగతే. అయినా న్యూట్రల్‌లో ఎందుకు దిగుతారు? డీజిలు మిగులుతుందని. ట్రిప్పు లెక్కలో మైలేజీ తగ్గితే ఓనరు అడుగుతాడు, మిగిలితే డ్రైవరు చేతికి నాలుగు రూపాయలు వస్తాయి. పక్క సీట్లో కూర్చున్న క్లీనరు కుర్రాడు అది చూస్తూ నేర్చుకుంటాడు. నాలుగేళ్ల తర్వాత వాడే స్టీరింగ్ పట్టుకుంటాడు.

ఆ కుర్రాడు ఎక్కణ్ణుంచి వస్తాడో చూద్దాం. ధర్మపురి జిల్లా పెన్నాగరం వైపు కొండల్లో పిక్కిలి అనే ఊరుంది. అలాంటి ఊళ్లో చదువు మధ్యలో ఆపేసిన పద్దెనిమిదేళ్ల వాణ్ణి ఊహించుకోండి. వాన పడితేనే పండే చేను, లేకపోతే బెంగళూరులో కట్టడం పని, తిరుప్పూరులో బనియన్ల కంపెనీ. ఇవి కాక మిగిలింది లారీ. నామక్కల్, సంకగిరి లారీలకు పేరుమోసిన ఊళ్లు, దూరమూ కాదు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో తరాలుగా ఉంటున్న మన తెలుగు కుటుంబాల పిల్లలకూ ఇదే దారి.

చట్టం ప్రకారం అయితే, 18 నిండాక కారు లైసెన్సు తీసుకోవచ్చు. రవాణా వాహనం నడపాలంటే 20 నిండాలి. హెవీకి ఎల్ఎల్ఆర్ ఇవ్వాలంటే అంతకుముందు ఏడాదైనా కారు లైసెన్సు ఉండి తీరాలి. గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూలు ఇచ్చిన సర్టిఫికెట్టూ కావాలి. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధనను 2019లో తీసేశారు. చదువు ఆగిపోయిన మన పిల్లలకు అది మంచి వార్తే, కానీ ఈ సంగతి ఇంకా తెలియని తల్లిదండ్రులు ఉంటారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని కారు లైసెన్సుతోనే నడపవచ్చని తేల్చింది. కాబట్టి 20 నిండిన వాడు చిన్న సరుకు బండితో మొదలుపెట్టి, చేయి తిరిగాక హెవీకి వెళ్లవచ్చు. మా ఉద్దేశంలో క్లీనరుగా నాలుగేళ్లు గడపడం కన్నా ఇది మేలు.

నేర్పే చోట్లు లేకపోలేదు. 2021 నుంచి కేంద్రం గుర్తించే శిక్షణ కేంద్రాల్లో హెవీ కోర్సు ఆరు వారాలు, 38 గంటలు. అక్కడ పాసైతే ఆర్టీఓ దగ్గర మళ్లీ డ్రైవింగ్ టెస్టు అక్కర్లేదు. నామక్కల్‌లో అశోక్ లేలాండ్ శిక్షణ కేంద్రం ఉంది. తెలంగాణలో సిరిసిల్ల దగ్గరా అలాంటిదే ఉంది. కానీ కూలి కుటుంబానికి ఫీజు కన్నా పెద్ద అడ్డు ఆ ఆరు వారాలే. అన్ని రోజులు ఇంటికి కూలి ఎవరు తెస్తారు? క్లీనరుగా వెళ్తే అన్నమైనా దొరుకుతుంది, బత్తా వస్తుంది. అందుకే రోడ్డే బడి అవుతుంది.

క్రైస్తవ దళిత యువకుడికి ఇంకొక గోడ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా వల్ల అతనికి ఎస్సీ సర్టిఫికెట్టు రాదు. ఆ సర్టిఫికెట్టు మీద ఉచిత శిక్షణ ఇచ్చే పథకం ఎక్కడున్నా అతను గేటు బయటే నిలబడాలి. లారీ మాత్రం కులం అడగదు అంటారు. నిజమే, క్లీనరు పనికి అడగదు.

నేర్చుకున్నాక ఉద్యోగం దొరికే తీరు చూడండి. అనుభవం ఉందా అని ఓనరు అడుగుతాడు. అనుభవం లేనిదే బండి ఇవ్వడు, బండి ఇవ్వనిదే అనుభవం రాదు. చివరికి తెలిసిన డ్రైవరో బ్రోకరో చెబితే నోటి మాట మీద ఎక్కుతాడు. జీతం ట్రిప్పు లెక్కన, సరుకు తగ్గితే కోత. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అంది గానీ, అది అయిదుగురు, అంతకుమించి పనివాళ్లున్న చోటికే. ఒకటి రెండు లారీల ఓనరు దగ్గర అది ఎప్పుడూ చేరలేదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు నియామక పత్రం సంగతి మాట్లాడుతున్నాయి. లారీ క్యాబిన్ దాకా ఆ కాగితం వస్తుందా అన్నదే మా ప్రశ్న.

ప్రమాదం చేసి పారిపోతే పదేళ్ల జైలు అని కొత్త న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో రాశారు. 2024 జనవరిలో డ్రైవర్లు బళ్లు ఆపేస్తే ఆ భాగాన్ని అమలు చేయకుండా పక్కన పెట్టారు. పదేళ్ల శిక్ష రాయడానికి పట్టిన శ్రద్ధలో సగం, 38 గంటల శిక్షణను పేదవాడికి ఉచితంగా ఇవ్వడానికి పట్టి ఉంటే బాగుండేది.

మన సంఘాల సంగతికొస్తే, కొత్త బండికి నూనె రాసి ప్రార్థన చేయడం మనకు తెలుసు. ఘాట్ దిగే బిడ్డల కోసం ఉపవాస ప్రార్థన పెట్టడమూ తెలుసు. చేయవద్దని అనడం లేదు. అయితే నిర్గమకాండం 23వ అధ్యాయంలో విశ్రాంతి ఎద్దుకూ గాడిదకూ కూడా రాసి ఉంది. ద్వితీయోపదేశకాండం 24లో కూలివాడి కూలి పొద్దు గుంకకముందే ఇమ్మని ఉంది. మన సంఘాల్లో లారీ ఓనర్లూ కూర్చుంటారు. రెండు రాత్రులు నిద్ర లేకుండా బండి తోలించి ఆదివారం కానుక వేసే సహోదరునికి ఈ వాక్యాలు ఎవరు చదివి వినిపిస్తారు?

ఏటా ఒక్క కుర్రాడికైనా ఆ ఆరు వారాల ఇంటి ఖర్చు సంఘం భరించవచ్చు. కానుక డబ్బులో అది పెద్ద మొత్తం కాదు. ఎల్ఎల్ఆర్ దరఖాస్తు పరివాహన్ సైట్‌లోనే పెట్టుకోవచ్చు, బ్రోకరు అక్కర్లేదు. చర్చిలో కంప్యూటరు తెలిసిన యువజనులు ఆదివారం ఆరాధన అయ్యాక గంట కూర్చుంటే చాలు. లారీలున్న విశ్వాసి తన బండి మీద కొత్త వాణ్ణి మొదటి మూడు నెలలు అనుభవమున్న డ్రైవరుతో పంపాలి. నేర్పినందుకు ఆ డ్రైవరుకు విడిగా డబ్బు ఇవ్వాలి, జీతం ఎంతో కాగితం మీద రాయాలి. ఘాట్‌లో ఎక్కువ తాగిన డీజిలును ఎవరి జీతంలోంచీ కోయనని కూడా అందులోనే రాయాలి.