ముందు ఆ 64 వారాల లెక్క తేల్చండి

గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో కల్నల్ సంతోష్‌బాబునూ ఆయన జవాన్లనూ పోగొట్టుకున్నాక, సరిహద్దు సిపాయిలకు మాండరిన్ నేర్పాలన్న మాట ఊపందుకుంది. నేర్పాల్సిందే. కానీ టీవీ చర్చల్లో ఊదరగొట్టే వాళ్లెవరూ ఒక అంకె జోలికి పోరు. 64 వారాలు. కాలిఫోర్నియాలోని మాంటెరీలో అమెరికా సైన్యం నడిపే డిఫెన్స్ లాంగ్వేజ్ ఇన్‌స్టిట్యూట్‌లో చైనీస్ కోర్సుకు పట్టే కాలం అది. అన్నాళ్లూ చదువే డ్యూటీ. అక్కడ చదివేవాళ్లలో ఎక్కువమంది ఆఫీసర్లు కారు, మామూలు సిపాయిలే. స్పానిష్‌ను 36 వారాల్లో ముగించే ఆ సంస్థ చైనీస్‌కు మాత్రం 64 వారాలు పెట్టింది.

మన దగ్గర? 2023లో తేజ్‌పూర్ విశ్వవిద్యాలయంతో సైన్యం కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం కోర్సు 16 వారాలు. అందులో సరిగ్గా నాలుగో వంతు! పచ్‌మఢీలో సైన్యానికి సొంత భాషా శిక్షణ ఉంది, కాదనను. కానీ 16 వారాల్లో వచ్చేది పలకరింపులు, అంకెలు, 'ఆగు', 'వెనక్కి పో'. అవతలి రేడియోలో యాసతో గబగబా సాగే మాటలు చెవికెక్కాలంటే ఆ చదువు చాలదు. వాస్తవాధీన రేఖ దగ్గర ఎదురుపడినప్పుడు మన జవాన్లు చైనీస్‌లో రాసిన బ్యానర్ విప్పి చూపిస్తారు. దాన్ని పట్టుకున్న చేతుల్లో ఎన్నింటికి ఆ అక్షరాలు తెలుసు?

చరిత్ర చూసినా ఇదే లెక్క. ఆ మాంటెరీ సంస్థ 1941 నవంబరులో, పెర్ల్ హార్బర్ దాడికి ఐదు వారాల ముందు, శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఓ పాడుబడ్డ విమానాల షెడ్డులో, జపనీస్ నేర్పడానికి రహస్యంగా మొదలైంది. తొలి బ్యాచ్‌లో దాదాపు అందరూ జపనీస్ కుటుంబాల పిల్లలు. ఇంట్లో ఎంతో కొంత విన్న భాషే అయినా, యుద్ధం ముంచుకొచ్చినా, వాళ్లకు ఆరు నెలలు పట్టింది. మనవాడికి 16 వారాలట!

అసలు చిక్కు సిపాయిలను నాలుగేళ్లకే తీసుకునే అగ్నిపథ్ పథకంతో. నాలుగేళ్లంటే 208 వారాలు. తొలి శిక్షణకు ఆరు నెలలు పోను, భాషకు 64 వారాలు కేటాయిస్తే సెలవులతో కలిపి మిగిలేది రెండేళ్ల పైచిలుకు. చెవి కుదురుకునే వేళకు నలుగురిలో ముగ్గురిని ఇంటికి పంపేస్తారు. అగ్నివీరులకు పింఛను లేదని ఇంత రాద్ధాంతం చేసిన ప్రతిపక్షాలకు కూడా ఇది పట్టలేదు. సైన్యం కుర్రాళ్లతో నిండాలన్న వాదనలో పస ఉంది. కొండెక్కడానికి 22 ఏళ్లవాడే కావాలి. హెడ్‌ఫోన్ పెట్టుకుని వినేవాడికి 40 ఏళ్లుంటే వచ్చిన నష్టమేమిటి?

ఇక 'ఫోన్లో యాప్ ఉందిగా' అనే మేధావులొకరు. 14 వేల అడుగుల ఎత్తున, తోపులాట మధ్య, చేతి గ్లౌజు తీసి యాప్ తెరిచి చూపించండి, నమ్ముతాం.

అమెరికాలో భాష వచ్చిన సిపాయికి పరీక్షలో తేలిన స్థాయిని బట్టి నెలకు వెయ్యి డాలర్ల దాకా అదనంగా ముడుతుంది. అంత ఇవ్వమనడం లేదు. భాషకు ఎంపికైన అగ్నివీరుణ్ని నలుగురిలో ఒకరినే కొనసాగించే ఆ 25 శాతం కోటా నుంచి తప్పించి పూర్తికాలం సర్వీసులో ఉంచండి, ఏటా పరీక్ష పెట్టండి, నెగ్గినవాడికి భత్యం ఇవ్వండి. అది చేతకాకపోతే ఒప్పందాల ఫొటోలు, పత్రికా ప్రకటనలు కట్టిపెట్టండి. 64 వారాలు ఖర్చుపెట్టి తయారుచేసిన కుర్రాణ్ని నాలుగో ఏట ఏ సెక్యూరిటీ గార్డు ఉద్యోగానికి సాగనంపుతారో, రక్షణ శాఖ పార్లమెంటులో చెప్పాలి.